మేనిఛాయ, నీడఛాయ: కథలకు బొమ్మలు వేసేవారి తరఫున ఒక మనవి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో మిర్చి కళ్లంలో కూలి చేసుకునే ఒక తల్లి కథ వచ్చింది. కథ నన్ను చాలాసేపు పట్టి ఉంచింది. ఈ ఉత్తరం మాత్రం ఆ కథకు వేసిన బొమ్మ గురించి. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఎర్రగా పరచిన కాయల మధ్య గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరుతున్న స్త్రీ బొమ్మ అది. ఆమె కూర్చున్న తీరు, కొంగును నెత్తి మీదికి లాక్కున్న విధం, వేళ్ల వంపు అన్నీ చక్కగా కుదిరాయి. గీత బాగా తెలిసిన చేయి. కానీ ఆమె ముఖానికి, చేతులకు వేసింది గులాబీ కలిసిన లేత పీచు రంగు. నీడలకు వేసింది బూడిద తేలిన నలుపు. చుట్టూ నిప్పులు చెరిగే ఎండ, కంటికి ఆనినంత మేరా ఎర్రని మిరపకాయలు ఉండగా, వాటి మధ్య ఆమె ఒక్కతే ఏదో గదిలో ట్యూబులైటు కింద కూర్చున్నట్టు కనిపించింది. ఆమెను మరో బొమ్మలో నుంచి కత్తిరించి తెచ్చి ఇక్కడ అతికించారేమో అనిపించింది.

నేను తెనాలిలో ముప్పై ఏళ్లుగా బొమ్మలే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి. మొదట్లో దుకాణాల బోర్డులు, గోడల మీద ప్రకటనలు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక కంప్యూటరు నేర్చుకున్నాను. ఇప్పుడు ట్యాబ్లెట్ మీద బొమ్మలు వేస్తూ, కొద్దిమంది పిల్లలకు డిజిటల్ పెయింటింగ్ నేర్పుతున్నాను. ఆ చిత్రకారుణ్ణి తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఆయన చేసిన పొరపాటునే నేను పదేళ్లకు పైగా చేశాను. ఒళ్లు అనగానే ఒక రంగు, ఆ ఒంటి మీద నీడ అనగానే అందులో కాస్త నలుపు అన్నది నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. అయినా అది నా చేతిలోకి ఎలాగో వచ్చి కూర్చుంది. కొత్తగా చేరే పిల్లల చేతుల్లోనూ అదే కనిపిస్తోంది. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా మీ దృష్టికి తేవాలనుకున్నాను.

ఈ ఏడు మార్చి నెలాఖరులో మా పిల్లల్ని గుంటూరు దగ్గర ఒక మిర్చి కళ్లానికి తీసుకెళ్లాను. గుంటూరు అక్షాంశం మీద సూర్యుడు నేరుగా నడినెత్తికి వచ్చేది మే మొదటి వారంలోనే అయినా, మార్చి చివరికే మధ్యాహ్నపు ఎండ దాదాపు నిలువుగా పడుతుంది. పసుపుపచ్చ నేత చీర కొంగు నెత్తిన కప్పుకొని కాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ ఎదుట కూర్చుని, ‘అమ్మా, మీ పని మీరు చేసుకోండి, మేం చూసి బొమ్మ వేసుకుంటాం’ అన్నాను. ‘నన్నేం చూస్తారయ్యా, ఎండకి మాడి బొగ్గయిపోయి ఉంటే’ అన్నదామె. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే గంటసేపు చూశాం. ఆమె ఒంటి మీద బొగ్గు రంగు ఎక్కడా కనపడలేదు. పల్చటి కొంగులోంచి దిగిన ఎండకు నుదురు ముదురు తేనె రంగులో ఉంది. కొంగు నీడ దాటి ముందుకు వచ్చిన ముక్కు కొనమీద, చెంప ఎముకమీద నేరుగా ఎండ పడి లేత గోధుమ రంగు మెరుస్తోంది. మోచేతి పైభాగం ఎండలో ఇటుక రంగుకు దగ్గరగా ఉంటే, ఎండ తగలక ఆకాశం వైపు తెరుచుకుని ఉన్న పక్కభాగం చల్లగా, కాస్త ఊదా ఛాయలో ఉంది. అన్నిటికంటే పిల్లల్ని కట్టిపడేసింది గడ్డం కిందిభాగం. బొమ్మల్లో మనం అన్నిచోట్లకంటే ఎక్కువ నలుపు పోసేది అక్కడే. ఆమెకు అక్కడ కుంకుమ అద్దినంత ఎరుపు ఉంది.

ఒక అమ్మాయికి నమ్మకం కుదరలేదు. ఆ పెద్దావిడ అనుమతితోనే నోట్‌బుక్‌లో తెల్లకాగితం ఒకటి చించి గడ్డానికీ కాయలకూ నడుమ అడ్డంగా పట్టింది. ఎరుపు ఠక్కున పోయి, గడ్డం కింద మామూలు గోధుమ రంగు తేలిపోయి కనిపించింది. కాగితం తీయగానే ఎరుపు మళ్లీ వచ్చింది. నాలుగైదు సార్లు పెట్టి, తీసి చూశారు. నేలమీది మిర్చికి తగిలిన ఎండ ఎర్రబారి, కింది నుంచి పైకి వచ్చి ఆమె గడ్డాన్ని వెలిగిస్తోందన్న సంగతి నేను నెల రోజులు బోర్డు మీద చెప్పినా అంతగా ఎక్కి ఉండేది కాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పుమడుల్లో నిలబడినవారి ముఖాలు చూసినా ఇదే అనుభవం కలుగుతుంది. అక్కడ కిందినుంచి వచ్చేది తెల్లటి వెలుగు, కనుక కళ్ల గుంటలు, ముక్కు అడుగుభాగం కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

మన భాషలో ఛాయ అన్న మాటను ఒకసారి తలచుకోవాలి. మేనిఛాయ అంటే ఒంటి రంగు. చెట్టు ఛాయ అంటే నీడ. నీలిఛాయ అంటే ఒక రంగులో తొంగిచూసే మరో రంగు. సూర్యుడి భార్య సంజ్ఞాదేవి తన నీడను తన స్థానంలో ఉంచి వెళ్లిందనీ, ఆ నీడే ఛాయాదేవి అనీ పురాణం చెబుతుంది. ఒంటి రంగుకూ, నీడకూ, రంగులో తొంగిచూసే రంగుకూ ఒకే మాట వాడిన మన పెద్దలు బొమ్మలు వేయడాన్ని మనసులో పెట్టుకుని ఆ పని చేసి ఉండరు. అయినా బొమ్మలు వేసేవాడికి అంతకంటే సరైన మాట దొరకదు. చామనఛాయ అన్న మాటలోనూ వట్టి రంగు లేదు. వెలుగులో ఒకలా, నీడలో ఒకలా తోచే ఒళ్లు ఉంది. ట్యాబ్లెట్ తెరమీద ఒక గడిలో ‘స్కిన్’ అని పేరు పెట్టుకుని రంగును దాచుకున్నప్పుడు మనం పోగొట్టుకునేది ఆ సంగతినే.

నీడలో నలుపు ఎందుకు పనికిరాదో అంకెలతో చెబుతాను, ఎందుకంటే డిజిటల్ పనిలో ఉన్న గొప్ప సదుపాయం అంకెలు కనపడటమే. తెరమీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయికే; ఒక్కొక్కదాని పాలు సున్నా నుంచి 255 వరకు అంకెతో చెబుతారు. ఎండ తగిలిన చామనఛాయ చెంపకు ఎరుపు 190, పచ్చ 130, నీలం 95 అనుకుందాం. దానిమీద 45 శాతం గాఢతతో నల్లని లేయరు, అంటే రంగు పొర, పరిస్తే సుమారుగా 104, 71, 52 వస్తుంది. అదే చెంపమీద పడే నీడకు ఆకాశపు వెలుగును తోడు చేద్దాం. లేయరును, పై రంగుతో కింది రంగును హెచ్చించి ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టి, 140, 140, 190 అంకెల నీలిబూడిద రంగు నింపితే 104, 71, 71 వస్తుంది. రెండింటిలోనూ ఎరుపు, పచ్చ అంకెలు ఒకటే. తేడా అంతా నీలంలో 19 దగ్గరే ఉంది. ఆ పంతొమ్మిది వల్లనే మొదటి చెంప మసి పూసుకున్నట్టు, రెండవ చెంప ఆరుబయట ఆకాశం కింద ఉన్నట్టు కనిపిస్తాయి. నీడ అంటే వెలుగు లేనిచోటు అనుకుంటాం గానీ, పగటివేళ ఆరుబయట ఎండ లేనిచోట ఆకాశం ఉంటుంది, నేల ఉంటుంది, ఎదుటి గోడ ఉంటుంది. ఎండ పక్కకు తప్పుకోగానే అప్పటిదాకా దాని ధాటికి కనపడని ఈ చిన్న వెలుగులన్నీ బయటపడతాయి. నీడకు రంగు ఎంచుకోవడమంటే వాటిలో ఏది ఆ చోటికి ఎదురుగా ఉందో చూసి ఎంచుకోవడమే.

ఇక్కడ పిల్లలు తప్పనిసరిగా ఒక ప్రశ్న వేస్తారు. 104, 71, 71 అన్న రంగును విడిగా ఒక గడిలో పెట్టి చూస్తే అది నీలంగా ఉండదు, ఊదాగానూ ఉండదు. ఎరుపు తేలిన మట్టిరంగులా ఉంటుంది. మరి చెంపమీద చల్లగా ఎందుకు కనిపిస్తుంది? పక్కనే నారింజ కలిసిన ఎండ రంగు ఉన్నందువల్ల. పారిస్‌లోని గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, అక్కడి నల్లదారం వెలిసినట్టుందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరిశీలించి, దారంలో లోపం లేదనీ, పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు అలా కనిపిస్తోందనీ తేల్చి, 1839లో ఆ విషయం మీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. పోచంపల్లిలోనో గద్వాలలోనో మగ్గం మీద కూర్చున్నవారికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు; అంచు రంగు మారితే చీర ఒంటి రంగు మారినట్టు కనిపించడం వారు రోజూ చూసేదే. చిత్రకారులం మాత్రం నీడలో నీలం వేయాలన్న మాట ఎక్కడో విని, నిజంగానే ముదురు నీలం తీసుకుని చెంపమీద పూస్తాం. ముఖం కమిలిపోయినట్టు తయారవుతుంది. చామనఛాయ మీద పడిన ఆకాశపు వెలుగు కూడా చామనఛాయలోంచే తిరిగి రావాలి. కాబట్టి ఆ రంగు గోధుమ వంశంలోనే ఉంటూ నీలం వైపు కొద్దిగా ఒరుగుతుంది. ఆ ఒరుగుడు ఎంతో పట్టుకోవడమే నేర్పు.

చర్మం గోడలాంటిది కాదన్నది రెండవ సంగతి. గోడమీద పడిన వెలుగు పైపొరనుంచే తిరిగి వస్తుంది. చర్మంలో కొంత వెలుగు లోపలికి దిగి, అక్కడ చెదిరి, రక్తపు రంగును వెంటబెట్టుకుని మరోచోట పైకి వస్తుంది. ఎరుపు వెలుగు మిగతా రంగుల కంటే లోతుకు వెళ్తుంది కనుక, ఎండా నీడా కలిసే అంచు దగ్గర సన్నని ఎర్రని చార తేలుతుంది. సూర్యుడికి వీపుపెట్టి నిలబడిన పిల్లవాడి చెవి దానిమ్మగింజలా వెలగడం ఎవరికి తెలియదు! ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు మేకతోలును వెలుతురు పారేంత పల్చగా చేసి, దానికి రంగులద్ది, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. పగలు చేతిలో పట్టుకుని చూసిన బొమ్మ రంగు వేరు, రాత్రి దీపం ముందు అదే బొమ్మ రంగు వేరు. తోలులోంచి వెలుగు పారితే రంగుకు ప్రాణం వస్తుందన్న ఎరుక మనకు తరతరాలుగా ఉన్నదే. తెరమీద చెంప గీసేటప్పుడు ఆ అంచుమీద రవ్వంత ఎరుపు పెంచి, గాఢతను కాస్త హెచ్చిస్తే చాలు, మైనపు బొమ్మ మనిషవుతుంది. నలుపుతో మెత్తని ఎయిర్‌బ్రష్ లాగినప్పుడు మొట్టమొదట చచ్చిపోయేది ఈ అంచే.

ముదురు ఛాయ ఒళ్ల విషయంలో ఇంకొక సంగతి ఉంది. దాన్ని పాఠాలు చెప్పేవారు కూడా తరచుగా వదిలేస్తారు కనుక కొంచెం నిలబడి చెబుతాను. చర్మంమీద నేరుగా పడిన వెలుగులో సుమారు 3 శాతం లోపలికి వెళ్లకుండా పైపొరమీదనే మెరిసి తిరిగి వస్తుంది. ఆ మెరుపుకు, చర్మానికి నలుపునిచ్చే మెలనిన్‌తో సంబంధం లేదు. పచ్చగా ఉన్నవారికీ, నల్లగా ఉన్నవారికీ అది ఒక్కటే. తేడా ఎక్కడంటే, లేత ఛాయలో లోపలినుంచి తిరిగి వచ్చే వెలుగు ఎక్కువ కనుక ఆ 3 శాతం అందులో కలిసిపోతుంది; ముదురు ఛాయలో లోపలినుంచి వచ్చేది తక్కువ కనుక పైమెరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా ఆ మెరుపు వెలుగు రంగులో ఉంటుంది, చర్మం రంగులో ఉండదు. అందుకే చెమటపట్టిన నల్లని భుజంమీద ఆకాశం నీలంగా మెరుస్తుంది, లాంతరు బంగారంలా మెరుస్తుంది, ట్యూబులైటు తెల్లని గీతలా మెరుస్తుంది. నల్లని ఒళ్లు చుట్టూ ఉన్న లోకాన్ని లేత ఒంటికంటే స్పష్టంగా తనమీద చూపిస్తుంది. అటువంటి ఒంటిని గీయడానికి లేత రంగు తీసుకుని నలుపు కలుపుకుంటూ పోవడం కంటే పెద్ద అన్యాయం లేదు. ముదురు ఛాయలో ఎరుపు, నారింజ ఎక్కడికీ పోవు. అవి లోతుకు దిగుతాయి. పెదవి లోపలి అంచు, చెవి తమ్మె, అరచేయి, గోటి మొదలు దగ్గర అవి మళ్లీ పైకి వస్తాయి. తోట వైకుంఠం గారి చిత్రాల్లో తెలంగాణ స్త్రీల ముదురు గోధుమ మేనును చూసినవారికి ఆ రంగు ఎంత నిండుగా ఉండగలదో తెలుసు. ఆయన ఎండా నీడల లెక్కతో గీసే చిత్రకారులు కారు. అయినా ఆ ఒంటి రంగు ఎరుపు చీర పక్కన, కుంకుమబొట్టు కింద వెలవెలబోకుండా నిలబడుతుంది.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. కొవ్వొత్తి సుమారు 1,900, పాతకాలపు ఫిలమెంటు బల్బు 2,700, మిట్టమధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర ఉంటాయి. నిర్మలమైన నీలాకాశం మాత్రమే వెలిగించే నీడ 8,000 దాటి 10,000 వరకు, ఒక్కోసారి అంతకు పైకీ వెళ్తుంది. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంవైపు వెళ్తుంది. ఈ తేడాలన్నీ మన కళ్లముందే ఉన్నా మనకు తెలియవు, ఎందుకంటే కన్ను నిమిషాల్లో సర్దుకుపోతుంది. వరండాలో తెల్లగా కనిపించిన పంచె దీపం దగ్గరా తెల్లగానే తోస్తుంది. బొమ్మ వేసేవాడికి ఇది శత్రువు. అతడికి తెలిసిన రంగు కనిపించే రంగును కప్పేస్తుంది. అందుకని మా పిల్లలచేత అట్టముక్కకు చిన్న రంధ్రం పొడిపించి, అందులోంచి చెంపమీది ఒక్కొక్క చోటునూ విడిగా చూడమంటాను. పొద్దుటి నీరెండలో అట్టరంధ్రంలోంచి చూసినప్పుడు అమ్మ బుగ్గ గుమ్మడిపండు రంగులో కనిపించిందని ఒక పిల్లవాడు భయపడి చెప్పాడు. భయపడవద్దనీ, ఆ రంగే వేయమనీ చెప్పాను. వేశాడు, చుట్టూ ఉన్న గోడనూ, చీరనూ అదే వెలుగులో వేసిన తరువాత ఆ బుగ్గ మామూలు బుగ్గగా కనిపించింది.

ఇదే చామనఛాయను రాత్రుళ్లలో చూడాలి. లాంతరు వెలుగులో ఎరుపు నిలబడి నీలం దాదాపు మాయమవుతుంది. 190, 130, 95 అన్న చెంప సుమారుగా 190, 102, 45 అవుతుంది, నీడలు ముదురు ఎరుపులోకి దిగి చీకట్లో కలుస్తాయి. పాత సోడియం వీధిదీపపు పసుపు వెలుగు కింద నీలంచీర నల్లబడి, ముఖం మీద చెంపలకూ పెదవులకూ రంగు తేడా దాదాపు చెరిగిపోతుంది. అక్కడ పెదవులకు ఎరుపు వేస్తే అబద్ధం అవుతుంది. హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో మొదలుకొని మన ఊళ్లన్నిటా ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి కాబట్టి, 2010లో జరిగే కథకూ నేడు జరిగే కథకూ వీధి రంగు ఒకటి కాదు. బస్సులో ఫోను చూసుకుంటున్న పిల్ల ముఖం కిందినుంచి నీలంగా వెలుగుతుంది. కూరగాయల అంగడిలో నీలం పట్టా కింద కూర్చున్నవారి ముఖాలూ, పెళ్లిపందిట్లో ఎర్రని షామియానా కింద వరుసగా భోంచేస్తున్నవారి ముఖాలూ మన కథల్లో ఎన్నిసార్లు రావు! వాటిలో ఒక్కటైనా ఆ రంగులో వేసిన బొమ్మ నేను పత్రికల్లో చూసింది చాలా తక్కువ.

కారణం చిత్రకారుల అజ్ఞానం ఒక్కటే అనుకోను. కొన్నేళ్ల క్రితం ఒక వారపత్రికకు కథాచిత్రం వేసి పంపాను. సాయంకాలం వేళ చెరువు గట్టుమీద నిలబడిన పడుచు, చామనఛాయ. ‘అమ్మాయిని కొంచెం తెల్లగా చేయండి, పాఠకులకు నచ్చదు’ అని తిప్పి పంపారు. నేను లేయరు ఒకటి పైన పరిచి తెల్లగా చేసి ఇచ్చాను. డబ్బు అవసరం ఉంది, ఇచ్చాను. సంజెవెలుగంతా ఆ ముఖం మీదనుంచి పోయింది, ఎందుకంటే ఆ వెలుగు నిలబడేదే ఆ ఛాయమీద. అప్పటినుంచి ఆ బొమ్మను ఎవరికీ చూపించలేదు. నేడు ఆ పని అడగకుండానే జరుగుతోంది. నమూనా కోసం తీసుకునే ఫోను ఫొటోల్లోనే ముఖాలు నునుపై, రంగు లేతబడి వస్తున్నాయి. వెలుగు రంగును కెమెరా తనంతట తానే సరిచేసేస్తోంది. పిల్లలు, తాకినచోటి రంగును ఎత్తి ఇచ్చే కలర్ పికర్‌తో ఆ ఫొటోలోంచి రంగు తీసి అదే నిజమనుకుంటున్నారు.

ఈ పక్షపాతం మనతో మొదలైందీ కాదు. ఫొటో ఫిల్ము రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ సంస్థ ప్రయోగశాలలకు పంపిన షర్లీ కార్డులమీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. నల్లవారి ముఖాలు ఆ ఫిల్ములో వివరాలు పోయి మసకబారేవి. అమెరికాలో క్రేయోలా సంస్థ పీచు రంగు క్రేయాన్‌కు ఒంటిరంగు అన్న అర్థమిచ్చే పేరు పెట్టి, 1962లో దాన్ని మార్చుకుంది. 2020లో 24 రకాల మేనిఛాయలతో ఒక పెట్టెనే తెచ్చింది. మన ఇళ్లలో పిల్లలు ఇప్పటికీ ‘ఒళ్లు రంగు క్రేయాన్ ఇవ్వరా’ అని ఆ పీచు రంగునే అడుగుతారు. అడిగే చెయ్యి ఏ రంగులో ఉందో ఆ పిల్లకు ఎవరూ చూపించరు.

అచ్చు గురించి కూడా ఒక మాట. నేను మొదట పంపిన బొమ్మల్లో తెరమీద చక్కగా కనిపించిన ముదురు నీడలు మర్నాడు పత్రికలో సిరా మరకల్లా వచ్చాయి. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, చుక్కలు ఉబ్బుతాయి. అచ్చులో వాడే నాలుగు రంగుల సిరాలు ఒక్కొక్కటి 100 శాతం వరకు పడవచ్చు గానీ, ఒకేచోట అన్నీ కలిపి 240 శాతం దాటితే ఆ కాగితం భరించలేదు. నలుపు పోసి చేసిన నీడ అచ్చులో మరింత మూసుకుపోతుంది. నీడను రంగుతో చేసి, ముదురుదనం రెండు మెట్లు తగ్గించి పంపితే చామనఛాయ ముఖం న్యూస్‌ప్రింట్ మీద కూడా తేటగా వస్తుందని నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది. ఇది మీ అచ్చు విభాగంలో పనిచేసేవారు ఒక్క రోజులో చెప్పగలిగే విషయం. వారినీ బొమ్మలు వేసేవారినీ ఒకసారి ఒకచోట కూర్చోబెట్టి, రకరకాల మేనిఛాయలను మీ కాగితంమీదే అచ్చువేసి చూపిస్తే, ఆ ఒక్క కాగితం చిత్రకారులకు ఏళ్లతరబడి ఉపయోగపడుతుంది.

నా మనవి పెద్దది కాదు. కథను బొమ్మకు ఇచ్చేటప్పుడు పాత్ర వయసూ చీర రంగూ చెప్పినట్టే, అది ఏ వేళో, ఏ వెలుగో కూడా చిత్రకారుడికి చెప్పండి. కథలో లేకపోతే రచయితను అడిగి చెప్పండి. ముఖం తెల్లగా చేయమని మాత్రం ఎన్నడూ అడగకండి. పిల్లల పేజీలో రంగులు నింపే బొమ్మ వేసినప్పుడు, ఒంటికి ఏ రంగు వేయాలో అంకె గుర్తుతో సూచించడం మానేసి, ‘నీ చేతిని కిటికీ దగ్గర పెట్టి చూసి వెయ్యి’ అని ఒక్క వాక్యం అచ్చువేయండి. ఆదివారం బొమ్మకు చిత్రకారుడికి రెండు రోజులు అదనంగా దొరికితే, ఆ రెండు రోజుల్లో ఒక పూట బయటికి వెళ్లి చూసి వస్తాడు. చూడకుండా వేసే రంగులకు ఎన్ని లేయర్లు పరిచినా బలం రాదు.

ఈ ఉత్తరంతో మూడు బొమ్మలు జతపరుస్తున్నాను. కళ్లంలో మేం చూసిన ఆ పెద్దావిడనే మా పిల్లలు ముగ్గురు మూడు వేళల్లో వేశారు: తెల్లవారుజామున మంచులో కళ్లానికి నడిచి వస్తుండగా, మధ్యాహ్నం కాయల మధ్య, రాత్రి షెడ్డులో బల్బు కింద అన్నం తింటుండగా. ఒక్క బొమ్మలో వాడిన ఒంటి రంగు మరో బొమ్మలో లేదు. అయినా మూడింటిలోనూ ఆమె ఆమెగానే గుర్తుకొస్తుంది. మూడింటినీ న్యూస్‌ప్రింట్ మీదే అచ్చు తీయించి పంపుతున్నాను. వీటిని ప్రచురించాలని నా కోరిక కాదు. మీ కార్యాలయంలో కథలకు బొమ్మలు వేసేవారి బల్లమీద కొన్నాళ్లు ఉంచితే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక చిత్రకళా ఉపాధ్యాయుడు,
తెనాలి.